డాక్టరు చేతి ముద్ద

"అంత దూరం వెళ్ళి చేసే సేవ వాళ్ళ కోసమా, నా కోసమా అన్నది నాకెలా తెలుస్తుంది సార్?" అని నీలవేణి అడిగింది.

అడిగింది విశ్వపతి గారిని. ఆయన కాకినాడలో మత్తు డాక్టరు. రిటైరై చాలా కాలమైనా, ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళలో ఊళ్ళో ఉన్నవాళ్ళం ఆదివారం సాయంత్రాలు ఆయన మేడమీది వరండాలో చేరుతుంటాం. మాకు ఆయన ఇప్పటికీ సారే. ఆయనకో అలవాటుంది. ఎవరితో మాట్లాడుతున్నా వాళ్ళ మణికట్టు పట్టుకుని, నాడి చూస్తూ మాట్లాడతారు. ఉద్యోగమంతా నిద్రపోయే మనుషులతో గడిపినవాడికి మెలకువగా ఉన్నవాళ్ళ మాట మీద అంత గురి ఉండదేమోనని మాలో మేం నవ్వుకుంటాం. ఆయన ముందు మాత్రం బుద్ధిగా చెయ్యి చాపుతాం.

నీలవేణి మా అందరిలోకీ చిన్నది. ప్లాస్టిక్ సర్జరీ చదివి ఇక్కడి పెద్దాస్పత్రిలో పనిచేస్తోంది. కాలిన చేతులూ, గ్రహణం మొర్రులూ బాగుచేసే ఒక స్వచ్ఛంద బృందం ఆమెను విదేశానికి రమ్మని పిలిచింది. జీతం లేదు, సెలవు పెట్టుకుని వెళ్ళాలి. ఆమె ఎగిరి గంతేసినంత పని చేసి ఒప్పుకుంది. ఆ తర్వాత తోటి డాక్టర్లు మొదలుపెట్టారు. "మన వార్డులో లేని మొర్రులు అక్కడేమున్నాయమ్మా?" అని ఒకరు. "పోనీలెండి, ఫోటోలు బాగా వస్తాయి, వెనకాల కొండలుంటాయి" అని ఇంకొకరు. వేరే ఎవరైనా అయితే నవ్వేసి ఊరుకునేవాళ్ళు. నీలవేణికి ఆ మాటలు లోపలెక్కడో పట్టుకున్నాయి. వెళ్తున్నానని ఇంట్లో చెప్పిన రోజు అద్దంలో తన మొహం తనకే ఎంత ముద్దొచ్చిందో ఆమె దాచకుండా మాకు చెప్పింది. "అలా అనిపించాక అది సేవ ఎలా అవుతుంది సార్? మీరు వద్దంటే టికెట్ రద్దు చేసుకుంటాను" అంది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు చూసి నాకు జాలేసింది.

జాలేసింది కదా అని నోరు ఊరుకోదు. ఇలాంటి ప్రశ్న దొరికితే మాకు పండగే. నేను నిష్కామ కర్మ దగ్గర ఎత్తుకున్నాను. రెండు వాక్యాలైనా కాకముందే సార్ చేత్తో ఆగమన్నారు. నీలవేణి మణికట్టు వదిలేసి, "పాలకొల్లు కోదండపాణి మీకెవరికీ తెలీదు" అన్నారు. తర్వాత ఆయన చెప్పింది ఇది. నేను చేర్చింది ఏమీ లేదు. మధ్యలో ఆయన దగ్గిన దగ్గులు మాత్రం తీసేశాను.

ఒకప్పుడు సార్ కూడా అలాంటి బృందంతోనే మడగాస్కర్ వెళ్ళారు. విమానం మీద విమానం మారి ఆ దేశపు రాజధానిలో దిగి, అక్కడి నుంచి ఎర్రమట్టి దారిలో జీపుల్లో కూలబడి, ఒక పెద్ద నదిని పంటు మీద దాటి, కొండల మధ్య ఒక చిన్న ఊరి ఆస్పత్రికి చేరేసరికి మనుషుల్లో మాట మిగల్లేదట. ఆ బృందంలో మొర్రులు కుట్టే సర్జను కోదండపాణి. సార్‌కి కాలేజీ రోజుల నుంచీ స్నేహితుడు. చెయ్యి తిరిగినవాడు. పిల్లలంటే ప్రాణం, తిండంటే ఇంకాస్త ఎక్కువ. ఆవకాయ జాడీని బట్టల మధ్య చుట్టి అంత దూరం మోసుకెళ్ళాడు. అక్కడ పెరుగు దొరక్కపోతే పాలపొడి కలిపి, ఎండుమిరపకాయ తొడిమలు వేసి తోడుపెట్టి, మర్నాడు అది తోడుకుంటే మొదటి ఆపరేషన్ బాగా అయినప్పటికంటే ఎక్కువ సంబరపడ్డాడు.

ఆయనకొక పట్టింపు ఉండేది. పసిపిల్లలు చూస్తూ ఉండగా వాళ్ళకు పెట్టకుండా తినడు. దిష్టి తగులుతుందని, అరగదని, అన్నిటికంటే ముందు అది పాపమని వాళ్ళమ్మ చిన్నప్పుడే నూరిపోసింది. మన ఇళ్ళలో ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పక్కర్లేదు. పక్కింటి పిల్లాడు గుమ్మంలో నిలబడితే ముందు వాడి చేతిలో ఒక ముద్ద పడ్డాకే మన ముద్ద లేస్తుంది. కోదండపాణికి అది మరీ ఎక్కువ. రైల్లో పొట్లం విప్పితే పెట్టెలో ఉన్న పిల్లలందరికీ పంచి, తను మళ్ళీ స్టేషన్లో ఇడ్లీ కొనుక్కునే రకం.

ఆపరేషన్లు బాగా జరిగాయి. చివరి రోజు వచ్చింది. ఆ మధ్యాహ్నమే సామాను జీపులకెక్కించి బయలుదేరాలి. చీకటి పడితే పంటు నడవదు. పంటు తప్పితే మర్నాటి విమానం తప్పుతుంది. ఆ రోజు జాబితాలో ఆఖరి పేరు సూలు అనే నాలుగేళ్ళ పిల్లాడిది. పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది. వాడి తల్లి పేరు వువాంగి. ఎక్కడో కొండల అవతల పల్లె. అంతకు ముందు ఏడాది ఇలాగే వేరే బృందం వచ్చినప్పుడు వాణ్ణి చంకనేసుకుని నడిచి వచ్చింది. వచ్చిన రోజే పిల్లాడికి జ్వరం తగిలింది. జ్వరంలో మత్తివ్వరు కాబట్టి వెనక్కి పంపేశారు. ఈసారి నది పొంగి దారిలో ఆగిపోయి, జాబితా నిండిపోయాక చేరింది. అయినా నర్సు లలౌ ఎలాగో బతిమాలి వాడి పేరు చివర ఎక్కించింది. లలౌది ఆ ఊరే. ఇంగ్లీషు వచ్చు, డాక్టర్ల మాట అక్కడివాళ్ళకూ, అక్కడివాళ్ళ మాట డాక్టర్లకూ ఆవిడే చేరవేసేది. రాత్రి నుంచి పిల్లాడికి ఏమీ పెట్టొద్దని, పెడితే ఆపరేషన్ ఉండదని తల్లికి మళ్ళీ మళ్ళీ చెప్పింది.

పిల్లాడు పొద్దున్నే ఏడుపు మొదలుపెట్టాడు. ఆ దేశంలోనూ మూడు పూటలా అన్నమే. ఆస్పత్రి ఆవరణలో ప్రతి చెట్టు కిందా అన్నం కుండలు ఉడుకుతున్నాయి. ఆ వాసన మధ్య వువాంగి వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, మొహం గోడ వైపు తిప్పి కూర్చుంది. పాడింది. వీపు రాసింది. తడిగుడ్డతో వాడి పెదాలు అద్దింది. వాడు ఆమె చెయ్యి కొరికాడు. కొరకనిచ్చింది. సార్ అటుగా వెళ్తూ రెండుసార్లు చూశారట. ఒక పిల్లాణ్ణి ఆకలితో ఉంచడం ఎంత బరువైన పనో, పెట్టొద్దని రోజూ చెప్పే మాకు తెలీదర్రా అన్నారు మాతో.

గుడ్డ ఆరిపోతే మళ్ళీ తడుపుకోవడానికి వువాంగి పిల్లాణ్ణి గోడ దగ్గరే కూర్చోబెట్టి కుళాయి దగ్గరికి వెళ్ళింది. అక్కడ వరస ఉంది, నిలబడింది. సరిగ్గా అప్పుడే కోదండపాణి ఒక ఆపరేషన్ ముగించి, తర్వాతిదానికి పిల్లాణ్ణి సిద్ధం చేసేలోపు నాలుగు మెతుకులు తిందామని వెనక వరండా మెట్ల మీద గిన్నె పట్టుకుని కూర్చున్నాడు. పెరుగన్నం, అంచుకి ఆవకాయ. కలిపి ముద్ద ఎత్తేసరికి ఎదురుగా ఒక పిల్లాడు. గళ్ళ గుడ్డ ఒకటి కళ్ళ కింది దాకా చుట్టుకుని, గిన్నె వంకే చూస్తున్నాడు. ఆపరేషన్ పిల్లల అన్నదమ్ములూ చెల్లెళ్ళూ ఆవరణ నిండా తిరుగుతూనే ఉన్నారు. వాళ్ళలో ఒకడనుకున్నాడు. అసలు ఏదీ అనుకోలేదేమో కూడా. ఆయన చెయ్యి ముందు కదులుతుంది, తల తర్వాత కదులుతుంది. ఆవకాయ తగలకుండా ఒక ముద్ద చేసి అందించాడు. పిల్లాడు దాన్ని అరచేతిలో పట్టుకుని, గోడ వైపు తిరిగి, గుడ్డ కిందే తిన్నాడు. సిగ్గు కాబోలనుకుని కోదండపాణి నవ్వుకున్నాడు. ఇంకో ముద్ద పెట్టాడు. తర్వాత తృప్తిగా తన గిన్నె ఖాళీ చేసి, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళాడు.

సూలును బల్ల మీద పడుకోబెట్టారు. సార్ వాడి మొహం మీది గళ్ళ గుడ్డ తీసి మాస్కు అందుకున్నారు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. పెదవి చీలికలో ఒక తెల్లటి మెతుకు అంటుకుని ఉంది.

మత్తులో ఉన్నప్పుడు కడుపులో అన్నం ఉంటే అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. దిగితే ప్రాణం పోవచ్చు. అందుకే సార్ వృత్తిలో మెతుక్కి అంత విలువ. ఆయన మాస్కు పక్కన పెట్టేశారు. లలౌ తలుపు దగ్గరికి వెళ్ళి వువాంగి మీద విరుచుకుపడింది. ఆ తల్లి మళ్ళీ మళ్ళీ ఒకటే మాట అంటోంది. పెట్టలేదు అంటోందని అర్థం చేసుకోవడానికి ఆ భాష రానక్కర్లేదు. "ఎంత చెప్పినా ఇంతే డాక్టర్, ఇక్కడ తలాడించి, అటు వెళ్ళి పెడతారు" అని లలౌ సార్‌తో అంది. గొడవకి బృందం పెద్ద వచ్చాడు. సంగతి విని, "తల్లి చేసుకున్నదానికి మనమేం చేస్తాం? సామాను సర్దండి" అన్నాడు. పిల్లాడు భయంతో బిగుసుకుపోయి ఉన్నాడు, వాడు చెప్పే స్థితిలో లేడు.

కోదండపాణి కడిగిన చేతులు పైకి పట్టుకుని, మోచేతుల నుంచి నీళ్ళు కారుతుండగా లోపలికి వచ్చాడు. పిల్లాణ్ణి చూశాడు. పక్కన పడి ఉన్న గళ్ళ గుడ్డను చూశాడు. అప్పుడు తెలిసింది, వాడు గోడ వైపు తిరిగి ఎందుకు తిన్నాడో. పుట్టినప్పటి నుంచీ వాడు అలాగే తింటున్నాడు, నోరు ఎవరి కంటా పడకుండా. కోదండపాణి ఆ క్షణాన నోరు మెదపకపోతే నింద అక్కడే, ఆ తల్లి నెత్తిన ఉండిపోయేది. ఎవరికీ అనుమానం కూడా వచ్చేది కాదు.

"ఆవిణ్ణి ఏమీ అనకండి. పెట్టింది నేను," అన్నాడు. ముందు తెలుగులో అన్నాడు, తర్వాత గుర్తొచ్చి ఇంగ్లీషులో అన్నాడు. "వాడు చూస్తూ నిలబడ్డాడు విశ్వపతీ. నాకు ముద్ద దిగలేదు. అందుకని పెట్టాను."

లలౌ తగ్గు గొంతుతో ఆ మాట వువాంగికి చెప్పింది. వువాంగి కోదండపాణిని ఎగాదిగా చూసింది. ఆమె కేకలు వేస్తుందని, ఏడుస్తుందని అందరూ అనుకున్నారు. ఆమె రెండే ముక్కలు అంది. లలౌ వాటిని చెప్పడానికి మొహమాటపడింది. సార్ గట్టిగా అడిగితే చెప్పింది.

"ఎవరి చేతిదీ తీసుకోవద్దని వాడికి చెప్పాను. డాక్టరు చేతిది కూడా వద్దని చెప్పడం మరిచిపోయాను."

కోదండపాణి పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయాడు. బృందం పెద్ద చెడ్డవాడు కాదు, పదిమందిని క్షేమంగా ఇంటికి చేర్చాల్సినవాడు. పిల్లాడి కడుపు ఖాళీ కావాలంటే ఆరు గంటలు ఆగాలి, అంతదాకా ఆగితే పంటు దొరకదు, కాబట్టి వచ్చే ఏడాది ఏ బృందం వచ్చినా మొదటి పేరు వీడిదే రాయిస్తానన్నాడు. లలౌ అది కూడా చెప్పింది. వువాంగి పిల్లాణ్ణి బల్ల మీంచి దించి, ఆ గళ్ళ గుడ్డను మళ్ళీ వాడి మొహానికి చుట్టడం మొదలుపెట్టింది. నెమ్మదిగా, అలవాటైన పనిలాగా చుట్టింది. దాన్ని చూడటం తన వల్ల కాలేదన్నారు సార్.

కోదండపాణి వల్ల కూడా కాలేదు. లేచాడు. "మీరు బయలుదేరండి. ఒక పెట్టెడు సామాను వదిలి వెళ్ళండి చాలు. నేను సాయంత్రం కుట్టి వస్తాను," అన్నాడు. బృందం పెద్దకు కోపం వచ్చింది. మాటా మాటా పెరిగింది. చివరికి కోదండపాణి సార్ వైపు తిరిగి, "నువ్వుంటావుట్రా?" అని అడిగాడు. "ఉండక? నేను లేకుండా నువ్వు సూది పట్టుకుంటే వాడు నిన్ను కూడా కొరుకుతాడు" అన్నారు సార్. ఆస్పత్రిలో పాత మత్తు యంత్రం ఒకటి ఉంది. సార్ మధ్యాహ్నమంతా దాని గొట్టాలు ఊదుతూ, బిగిస్తూ దానితో స్నేహం చేసుకున్నారు. జీపులు వెళ్ళిపోయాయి.

కోదండపాణికి తోచలేదు. చేసిన తప్పు తిండితో చేశాడు, దిద్దుకోవడమూ తిండితోనే అనుకున్నాడు. అంతకంటే ఆయనకు తెలిసిన దారి లేదు పాపం. మిగిలిన అన్నం వెచ్చబెట్టి, మంచి కంచంలో పెట్టి, రెండు చేతులతో పట్టుకుని వువాంగి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. కోపమనుకున్నాడు. బతిమాలాడు. ఆమె ఒళ్ళో నిద్రపోతున్న పిల్లాడి వైపు చూపించి ఏదో అంది. ఆయన లలౌని కేకేశాడు.

"కోపం కాదు డాక్టర్," అంది లలౌ. "పిల్లాడికి వద్దన్నప్పటి నుంచీ తనూ తినలేదట. మంచినీళ్ళు కూడా ముట్టలేదట. వాడు ఆకలితో చూస్తుంటే ఎలా తింటాను అంటోంది."

సార్ యంత్రం దగ్గరి నుంచి కిటికీలో ఇదంతా చూస్తున్నారు. కోదండపాణి ఆ కంచం పట్టుకుని అలాగే నిలబడ్డాడట. తర్వాత దాన్ని తీసుకెళ్ళి లోపల మూతపెట్టి, ఖాళీ చేతులతో తిరిగి వచ్చి, ఆమెకు కాస్త దూరంలో గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. సాయంత్రం దాకా లేవలేదు. మధ్యలో ఎవరో టీ తెచ్చిస్తే వద్దన్నాడు. టీ వద్దన్న కోదండపాణిని సార్ అంతకు ముందెప్పుడూ చూడలేదు. పిల్లాడు లేచి ఏడిస్తే ఆమె పాడింది. ఈయన వచ్చీరాని గొంతుతో మన లాలిపాట ఏదో అందుకున్నాడు. పిల్లాడు ఆ వింతకి కాసేపు ఏడుపు ఆపాడు.

పొద్దు వాలే వేళకు సూలును మళ్ళీ బల్ల మీదకు తెచ్చారు. కోదండపాణి అంత నిదానంగా కుట్టడం తానెన్నడూ చూడలేదని సార్ అన్నారు. ఒక కుట్టు నచ్చక విప్పి మళ్ళీ వేశాడు. అయిపోయాక వాడి పెదవి, వాపు ఉన్నా, ఒక్కటిగా కనిపించింది. వాడికి పూర్తిగా తెలివి వచ్చాక, చెంచాతో పంచదార నీళ్ళు పోస్తే మింగాడు. బయటికి ఒక్క చుక్క కారలేదు. వువాంగి అది చూసి, ఎవరూ చెప్పకుండానే వెళ్ళి, మూతపెట్టిన కంచం తెచ్చుకుని తినడం మొదలుపెట్టింది. ఆమె రెండో ముద్ద మింగాక కోదండపాణి తన గిన్నె అందుకున్నాడు.

సార్ అక్కడితో ఆపేశారు. కింద వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ కాక తంటాలు పడుతున్నారు. నీలవేణి తల వంచుకుని ఉంది. అంత చక్కటి కథకి నీతి లేకుండా ఎలా వదిలేస్తాం అని నాకు ఒకటే దురద. "అయితే సార్, కోదండపాణి గారు పెట్టిన ఆ మొదటి ముద్ద స్వార్థమే అంటారా?" అన్నాను.

సార్ నా వైపు చూసిన చూపుకి అలవాటుగా చాపిన నా చెయ్యి నేనే వెనక్కి తీసుకున్నాను. "వాడంత మంచివాడు నాకు జీవితంలో తారసపడలేదు" అన్నారు.

నీలవేణి తల ఎత్తి, "నన్ను వెళ్ళమంటారా సార్?" అంది.

"వెళ్ళమ్మా," అన్నారు సార్. "అక్కడ పిల్లలు నీ కంచం వంక చూస్తారు. నీకు ముద్ద దిగదు. దిగకపోవడం మంచిదే. కాకపోతే చెయ్యి చాపే ముందు, వాళ్ళమ్మ తిన్నదేమో కనుక్కో."